గూటి కింద కాపలా

గూడెం, అశ్వారావుపేట దగ్గర,
12 మే 2003.

పుష్పలతా,

పొదిగే తల్లి గూడు విడిచిపోతే ఆ గుడ్ల గతి ఏమిటి? ముందు దీనికి జవాబు రాసి పంపు. నీ క్షేమం ఆ తరువాత అడుగుతాను.

ఫోను చేస్తే మామ అరుస్తున్నాడని పెట్టేస్తావు. అందుకే ఉత్తరం. సత్తుపల్లి–భద్రాచలం బస్సు కండక్టరు వెంకటనారాయణ మన ప్రార్థనకు వచ్చేవాడే. పొద్దున అతని చేతిలో పెడితే మధ్యాహ్నానికి నీ హాస్టలు గేటు దగ్గర ఉంటుంది. అందలేదని తప్పించుకోవడానికి లేదు.

మన ప్రార్థన పాక మీదికి వంగిన మామిడి కొమ్మ నీకు తెలుసు. ఆ కొమ్మ చీలిన చోట, నేను చెయ్యెత్తితే అందేంత ఎత్తులో, తోకపిగిలిపిట్ట గూడు కట్టింది. గడ్డిపోచలు, నారపోగులు, వాటి మీద సాలీడు దారం చుట్టి అతికించిన చిన్న గిన్నె. టీ గ్లాసు మూతి కంటే కాస్త పెద్దది. అందులో తెల్లని పిట్ట కూర్చుని ఉంది. తల మాత్రం నల్లన, దాని మీద కుచ్చు. ఒళ్లంతా మల్లెపూవు. తోకలో రెండు ఈకలు మూరెడు పొడుగున గూడు దాటి కిందికి వేలాడుతున్నాయి. ఈ ఏటి ఎండ నీకు చెప్పాలా? పాక రేకు ముట్టుకుంటే బొబ్బలెక్కుతోంది. ఆ తల్లి నోరు తెరిచి ఒగరుస్తూ కూర్చుందే గాని లేవలేదు. బలిపీఠం పక్కన పిట్టకు ఇల్లు దొరికిందని కీర్తనకారుడు పాడాడు. అది మన పాకలో నిజమైంది.

ఆ తల్లికి ఒక శత్రువు ఉంది. ఇటుక రంగుది, తోక కురచ. మాటిమాటికీ గూటి మీదికి వస్తుంది. గుడ్లు తాగే దొంగ. కంకరరాళ్లు ఏరి పక్కన పెట్టుకుని కాపలా కూర్చున్నాను. తెల్లని తల్లి, ఎర్రని దొంగ అని సాయంత్రం కూడికల్లో దీని మీదే ప్రసంగం. పిల్లలు కూడా రాళ్లు పట్టుకుని నా పక్కన కూర్చుంటున్నారు.

ఇక నీ సంగతి. నువ్వేమో నర్సు ట్రైనింగని భద్రాచలంలో. నీ పది నెలల పిల్ల ఇల్లందులో. నీ మొగుడు గణేష్ మోటారుసైకిళ్లు బాగుచేసే షెడ్డులో, పంక్చరు ట్యూబుల మధ్య, దూలానికి ఉయ్యాల. మన సంఘం వీరబాబు కళ్లారా చూసి వచ్చాడు. ఒక చేతిలో స్పానరు, ఒక చేతిలో ఉయ్యాల తాడు. "మీ దూలయ్య మేనకోడలు కన్నదా, అల్లుడు కన్నడా" అని బస్సులో ఎవరో అతన్ని అడిగితే జనమంతా నవ్వారట. ఆ నవ్వు ఇక్కడి దాకా వినిపించింది నాకు.

మీ అమ్మ ముందే చెబుతున్నాను, అక్క వింటూనే ఉంది. ట్రైనింగు మాని పిల్లను ఒళ్లో పెట్టుకో. లేదంటే పిల్లను మాకు ఇవ్వు. మగాడు పొదిగితే గుడ్డు పిల్ల కాదు.

దేవుని సేవలో,
నీ మేనమామ దూలయ్య

*

భద్రాచలం,
15 మే 2003.

మామకు నమస్కారం.

నీ ఉత్తరంలో సగం మాటల కింద ఎర్ర ఇంకుతో గీతలు. పక్క మంచం పిల్ల తొంగిచూసి, "ఏందే, మీ మామ ఉత్తరం కూడా మైకులోనే రాస్తడా" అని అడిగింది. నవ్వాను. తరువాత స్నానాల గదిలోకి పోయి ఏడ్చాను. రెండూ నీకు తెలియాలనే రాస్తున్నాను.

ముందు పిట్ట సంగతి, ఎందుకంటే అది ఆగేది కాదు. మామా, తెల్లది తల్లి కాదు. తెల్లది పోతు, ఎర్రది పెట్ట. మా నాయిన జంపయ్య బతికుండగా తేనెకు పోయినప్పుడల్లా నన్ను వెంట తీసుకుపోయి చూపించేవాడు. రెండూ వంతులేసుకుని పొదుగుతాయి. పోతుపిల్లలు కూడా కొన్నేళ్లు ఎర్రగానే ఉండి తరువాత తెల్లబడతాయి, అందుకే చూసేవాళ్లు పొరబడతారు. నువ్వు దొంగ అంటున్నది తన గుడ్ల మీద కూర్చోవడానికి వస్తున్న తల్లి. గుడ్లు తాగే నోరు కాదు దానిది. ఈగలూ దోమలూ చిన్న రెక్కపురుగులూ ఎగురుతుంటే గాలిలోనే పట్టి తింటుంది. అది వస్తేనే తెల్లదానికి తిండికి పోయే వీలు. రాళ్లు మానెయ్యి.

పిల్ల సంగతి. హాస్టల్లో పసిపిల్లల్ని ఉంచనివ్వరు. ఆగస్టుతో ట్రైనింగు అయిపోతుంది, ఆ రోజే తెచ్చుకుంటాను. శనివారం శనివారం ఇల్లందు పోతూనే ఉన్నాను. ఆయన చేతులు కిరోసిన్‌తో ఒకసారి, సబ్బుతో ఒకసారి కడుక్కోకుండా పాలసీసా ముట్టడు. పిల్ల ఆ స్పానరు చప్పుడుకే నిద్రపోతుంది, ఆగితే లేస్తుంది. బస్సులో జనం నవ్వితే నవ్వనివ్వు. ఇల్లందుకు మాత్రం ఎవరినీ పంపకు.

అమ్మను అడిగానని చెప్పు.

పుష్ప

*

గూడెం,
18 మే 2003.

పుష్పలతా,

తెల్లది మగదట. మూరెడు తోక వేలాడేసి, ముసుగేసుకున్న పెండ్లికూతురిలా గూట్లో కూర్చునేది మగదట. మొగుణ్ణి వెనకేసుకురావడానికి చివరికి పిట్టల్ని కూడా తిప్పి రాస్తున్నావు. జంపయ్య బావ చెట్టుకూ పుట్టకూ మొక్కినవాడు. తేనె దింపడం తెలిసినవాడేమో గాని, ఆయన మాట పట్టుకుని నాకు బోధ చెయ్యకు.

నేను బడికి పోలేదు. బైబిలు వాక్యం ముందు పెట్టుకుని అక్షరం అక్షరం కూడబలుక్కుని చదువు నేర్చుకున్నాను. గుడ్ల మీద తల్లి కూర్చుని ఉంటే ఆ తల్లిని ముట్టరాదని ధర్మశాస్త్రంలో ఉంది. ఆ ఆజ్ఞ నిలబెట్టడానికే చెట్టు కింద మంచం వేసుకున్నాను. కొమ్మలకు నూనె డబ్బాలు కట్టించాను, గాలికి గలగలమంటాయి. నేను లేనప్పుడు వీరబాబు కూర్చుంటాడు. ఎర్రదాన్ని ఇక గూటి దరిదాపులకు రానిచ్చేది లేదు.

పిల్ల విషయం తేల్చేశాను. వచ్చే ఆదివారం, ఇరవై ఐదున, ఆరాధన అయ్యాక నేను, వీరబాబు, సంఘం పెద్దలిద్దరు ఇల్లందు వస్తాం. పిల్లను తెస్తాం. అక్కకు చెప్పాను. అక్క ఏమీ అనలేదు, బియ్యంలో రాళ్లు ఏరుకుంటూ ఊరుకుంది. ఊరుకుందంటే ఒప్పుకున్నట్టే. గణేష్‌కు నువ్వే కబురు చెయ్యి, వీధిలో గొడవ వద్దు.

దూలయ్య

*

భద్రాచలం,
21 మే 2003.

మామా,

ఎర్రదాన్ని గూటి దరిదాపులకు రానివ్వనని రాశావు. ఆ మాట పిట్టకా, నాకా? నాకేనని నా మనసు చెబుతోంది. పిల్లను మీ ఇంట్లో పెట్టుకుని, ట్రైనింగు మానేదాకా నన్ను గడప ఎక్కనివ్వవు. అంతేగా?

అమ్మ ఊరుకుందంటే ఒప్పుకుందని నువ్వే రాసుకుంటే ఎలా? అమ్మ చేత ఒక్క మాట చెప్పించి రాయి.

ఆదివారం మీరు ఇల్లందు వస్తే అక్కడ ఏం కనిపిస్తుందో నేను చెప్పలేను.

పుష్ప

*

గూడెం,
26 మే 2003.

పుష్పలతా,

పిల్ల ఎక్కడ?

నిన్న మధ్యాహ్నం మేం నలుగురం ఇల్లందులో దిగేసరికి షెడ్డుకు తాళం. రేకు సందులోంచి చూశాను. దూలానికి ఉయ్యాల లేదు, రెండు తాడు ముక్కలు వేలాడుతున్నాయి. ఎవరిదో బండి ఇంజను విప్పింది విప్పినట్టే నేల మీద పడి ఉంది. పక్కనున్న టీకొట్టు ఆమెను అడిగితే, "పిల్లను కడుపుకు కట్టుకొని బండి మీద పోయిండు, ఎటో చెప్పలే. మీరేనా ఆ ఎత్తుకపోయేటోళ్లు" అంది. నలుగురం ఆ ఎండలో నిలబడి ఆ మాట పడ్డాం. వీరబాబు పోలీస్ స్టేషనుకు పోదామన్నాడు. నేనే ఆపాను. ఎన్నాళ్లు ఆపుతానో నాకే తెలియదు. పాలు తాగే పిల్లను మండే ఎండలో బండి మీద ఎక్కించుకుని పోయినవాడు తండ్రా?

నీకు ఆ రాత సంగతి కూడా చెప్పాలి. గూటి దరికి రానివ్వనన్నది పిట్ట గురించే రాశాను. నీ గురించి అనాలంటే నీ పేరు పెట్టే అంటాను. నాకు భయమేమిటి?

ఆ పిట్ట సంగతి కూడా ఉన్నదున్నట్టు రాస్తున్నాను. ఎర్రది రావడం మానేసింది. మొదట సంతోషించాను. కాని తెల్లది రోజురోజుకూ వాడిపోతోంది. పొద్దునోసారి, సాయంత్రమోసారి క్షణం సేపు లేచి ఏ పురుగునో పట్టుకుని వస్తుంది, మిగతా పొద్దంతా రెక్కలు జారేసి కూర్చుంటుంది. ఈ పొద్దున కాకి ఒకటి కొమ్మ మీద వాలింది. నేను లేచేలోగా పక్క తాడిచెట్టు మీది నల్ల కత్తెరతోక పిట్ట వచ్చి కాకిని తల మీద పొడిచి తరిమింది. దాని గూడు కూడా అక్కడే ఉంది. ఇంత జరిగినా తెల్లది కదల్లేదు. ఈ తల్లికి ఇంత తిండి తెచ్చిపెట్టే మొగుడు లేడా అని అడిగాను. అక్క నా మొహంలోకి చూసి లోపలికి పోయింది.

పిల్ల ఎక్కడుందో రాయి.

దూలయ్య

*

భద్రాచలం,
28 మే 2003.

మామా,

వెళ్లిపొమ్మని ఆయనకు నేనే చెప్పాను. ఎక్కడికో నీకు రాయను. నీ రాతను తప్పుగా చదివానని ఇప్పుడు తెలిసింది. కాని నలుగురు పెద్దమనుషులు నిజంగానే దిగారు కదా. అందులో నేను తప్పు చదివింది ఏముంది?

ఒక్కటి మాత్రం దాచను. శనివారం నుంచి ఆయన దగ్గరి నుంచి నాకు కబురు లేదు. వార్డులో ఎవరి పిల్ల ఏడ్చినా చేతిలో ఉన్నది జారిపోతోంది. నిన్న సిస్టరమ్మ తిట్టింది.

తెల్లదానికి మొగుడు లేడా అని అడిగావు. దానికి పెండ్లాం ఉంది, దాన్నే నువ్వు తరిమావు. అది ఒక్కటే కూర్చుంది, లేస్తే గుడ్లు ఉడికిపోతాయి, లేవకపోతే తాను చస్తుంది. నా మాట నమ్మకు, నాయిన మాట నమ్మకు. డబ్బాలు విప్పు, మంచం తియ్యి, ప్రార్థన వేరేచోట పెట్టు. అది నిన్ను చూడనంత దూరంలో నిలబడి నీ కళ్లతో నువ్వు చూడు. ఆ తరువాత అమ్మను అడుగు, తను తునికాకు కోతకు పోయినప్పుడు నన్ను ఎవరు మోశారో.

పుష్ప

*

గూడెం,
1 జూన్ 2003.

బిడ్డా పుష్పా,

నీ ఉత్తరం చదివి చింపబోయాను. అక్క చేయి పట్టుకుంది.

డబ్బాలు విప్పించాను. శుక్రవారం ప్రార్థన వీరబాబు వాకిట్లో పెట్టాం. ఎర్రదాన్ని దొంగని అరిచిన నోటితో ఆ రోజు ఏం బోధించాలో తోచక పాటలు మాత్రం పాడించాను. తిరిగివచ్చి అక్క వంటింటి తడిక వెనక కూర్చున్నాను. అక్కడి నుంచి కొమ్మ కనిపిస్తుంది, నేను కొమ్మకు కనిపించను.

ఆ రోజు ఏమీ రాలేదు. నిన్న పొద్దు వాలే వేళకు వచ్చింది. ఎర్రది. ఒక రెక్కలో ఈక విరిగి పక్కకు పొడుచుకుని ఉంది. ఆ ఈక నా రాయిదో, పిల్లల రాయిదో. తిన్నగా గూటికి రాలేదు. దూరపు కొమ్మ మీద వాలింది, గాలిలోకి ఒక్క దూకు దూకి ఈగను పట్టింది, మళ్లీ అదే కొమ్మ మీద వాలింది. నేను కూర్చునే చోటు కేసి చూసింది. మంచం లేదు. అప్పుడు గూటి అంచుకు వచ్చింది. తెల్లది లేచి పక్కకు జరిగింది. ఎర్రది ఒళ్లు విదిలించుకుని గుడ్ల మీద కూర్చుంది, రోజూ కూర్చున్నట్టే. పొడవలేదు, తాగలేదు. తెల్లది నేరుగా బోరింగు తొట్టి మీదికి పోయి నీళ్లలో మునిగి లేచి, మునిగి లేచి, ఆ తడితోనే పురుగుల మీదికి ఎగిరింది.

అక్క వెనకే నిలబడి ఉంది. తను అన్న మాట అన్నట్టే రాస్తున్నాను.

"నేను తునికాకు కల్లానికి పోతే నీ బావ పుష్పను నడుముకు కట్టుకొని తిరిగిండు. గప్పుడు నువ్వు నవ్వినవ్, నేనేం అనలే. మొన్న పిల్లను తెస్తనన్నవ్, గప్పుడు కూడా ఏం అనలే. అననంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదురా తమ్మీ. నువ్వు మాట్లాడుతుంటే ఇంకొకలకు సందేడ ఉంటది?"

ఈ పొద్దున గూట్లోంచి రెండు తలలు లేచాయి. ఈక లేదు, కళ్లు తెరవలేదు, నోళ్లు మాత్రం ఉన్నాయి. ఒకటి పోయి ఒకటి వస్తూ ఇద్దరూ పురుగులు మేపుతున్నారు. మూడో గుడ్డు పగల్లేదు. అది నా లెక్కలోకి వస్తుంది.

గణేష్ పెనుబల్లిలో చెల్లెలు కళావతి ఇంట్లోనే ఉంటాడని నా ఊహ. ఇంకెక్కడికి పోతాడు? ఎల్లుండి మంగళవారం తొలి బస్సుకు నేనొక్కణ్ణే పోతున్నాను. పెద్దలు లేరు, వీరబాబు లేడు. చేతులు పట్టుకుని, తప్పయింది అల్లుడా అని చెప్పి, షెడ్డు తాళం నేనే తీయిస్తాను. నన్ను ఆపకు. తప్పు తెలిసినవాడు ఆలస్యం చెయ్యకూడదు.

నీ మామ దూలయ్య

*

భద్రాచలం,
2 జూన్ 2003.

మామా,

నీ ఉత్తరం చదివాను. అమ్మ మాటను రెండుసార్లు చదువుకున్నాను.

కాని పెనుబల్లి పోవద్దు. నీ మనసు మారిన సంగతి నాకు తెలుసు, ఆయనకు తెలియదు. నువ్వు ఏ మాట చెప్పినా ఆయనకు నీ గొంతే వినిపిస్తుంది, మాట వినిపించదు. మొన్న శనివారం వార్డు డ్యూటీ పడి పోలేకపోయాను. నేను ముందు ఆయనకు రాస్తాను, ఈ శనివారం పోయి చెబుతాను. అప్పటిదాకా పిట్ట దగ్గర ఉన్నట్టే దూరంగా ఉండు.

ఇది నీకు రేపు పొద్దున్నే అందాలి. వెంకటనారాయణగారిని బతిమాలాను.

పుష్ప

*

సత్తుపల్లి బస్టాండు,
3 జూన్ 2003, పొద్దున.

బిడ్డా పుష్పా,

నీ ఉత్తరం వెంకటనారాయణ ఇప్పుడే నా చేతికిచ్చాడు. నేను అప్పటికే పెనుబల్లి పోయి వచ్చేశాను. ఈ ఉత్తరం అతని బస్సులోనే పంపుతున్నాను. నిలబడి చదువు.

పిల్లకు బాగాలేదు. నిన్నటి నుంచి వాంతులు, విరేచనాలు, ఒళ్లు కాలిపోతోంది. ఏడుస్తోంది గాని కన్నీళ్లు రావడం లేదని కళావతి చెప్పింది. దాని అర్థం నాకంటే నీకు బాగా తెలుసు.

తలుపు తట్టగానే గణేష్ లోపల గడియ వేసుకున్నాడు. అల్లుడా, ఒక్కణ్ణే వచ్చాను, తప్పయిందని చెప్పాను. నా గొంతు ఎంత తగ్గించినా వీధంతా వినిపించింది, ఇరుగుపొరుగు పోగయ్యారు. అది చూసి ఇంకా భయపడ్డాడు. పెద్దలు సందు చివర నక్కి ఉన్నారని, పిల్లను ఎత్తుకుని బయటికి అడుగుపెడితే లాక్కుంటామని అతని నమ్మకం. అందుకే దవాఖానాకు కూడా తేవడం లేదు. ఓఆర్ఎస్ పొట్లాలు కొని కళావతికి ఇచ్చాను. నేనిచ్చినవని తిప్పి పంపాడు. లోపలి నుంచి ఒక్కటే మాట అన్నాడు. "మామా, మీరు పోండ్రి. మీ అడుగుల చప్పుడు ఇనపడ్డంతసేపు నేను తలుపు తియ్య."

ఆ మాటతో నాకు మామిడికొమ్మ కళ్లముందు ఆడింది. నేను కింద కూర్చున్నన్నాళ్లూ తెల్లది నిమ్మళంగా లేవలేదు, ఎర్రది రాలేదు. ఇప్పుడు ఆ గడప ముందు మళ్లీ నేనే. ఇద్దరు ఆడవాళ్లు ఒక పసిబిడ్డ కోసం రాజు ముందు తగవు పడిన కథ నేను ఎన్ని ఊళ్లలో చెప్పానో లెక్కలేదు. బిడ్డను ముక్కలు చేసినా సరే, సగం నాకు ఇవ్వమన్న ఆవిడను నోరారా తిట్టేవాణ్ణి. ఈ నెలంతా నేను నిలబడింది ఆవిడ పక్కనే.

కళావతి నన్ను వీధి మలుపు దాకా సాగనంపి, "అన్న ఎవల మాటా ఇంటలేడు. వదినె వస్తేనే తలుపు తీస్తడు" అంది. హాస్టలుకు ఎస్టీడీ నుంచి ఫోను చేశాను. క్లాసులో ఉన్న పిల్లల్ని పిలవబోమని, చెప్పేది వినకుండానే పెట్టేశారు. అందుకే ఈ ఉత్తరం. నేను ఇంటికి పోతున్నాను. పెనుబల్లిలో గాని సత్తుపల్లిలో గాని నా నీడ ఉండదు. ఆ మాట గణేష్‌కు తలుపు బయట నుంచే మొదట చెప్పు.

వార్డెనమ్మకు వేరే చీటీ పెట్టాను. అందులో అరవలేదు, బతిమాలాను. సెలవు ఇవ్వకపోయినా ఆగకు. దీనివల్ల పరీక్ష పోయినా మళ్లీ రాయవచ్చు, ఫీజు కట్టడానికి నేనున్నాను, ట్రైనింగు మానమని ఇక నా నోట రాదు. భద్రాచలంలో ఇదే బస్సు కాసేపాగి సత్తుపల్లికి తిరిగి వస్తుంది. వెంకటనారాయణ గేటు దగ్గరే నిలబడి ఉంటాడు, ముందు సీటు నీకు ఆపి ఉంచుతాడు. బట్టలు సర్దుకోకు. పొట్లాలు నీ చేతులతోనే కొని పట్టుకుపో, నీళ్లు అక్కడే కాచి చల్లార్చి కలుపు. గడప దగ్గర పేరు పెట్టి పిలువు, నీ గొంతు వినగానే అతను లేస్తాడు. అతను రోజుల తరబడి ఒక్కడే కూర్చుని ఉన్నాడు, పుష్పా. నీ వంతు వచ్చింది.

శనివారం దాకా కాదు. రేపటి దాకా కాదు. ఈ కాగితం మడవకుండా చేతిలో పట్టుకుని ఇవాళే, ఈ బస్సే ఎక్కు.

నీ మామ
దూలయ్య